పాత మోటార్‌సైకిల్ ఎడమ ఇండికేటరు మరమ్మతు: ప్రాజెక్టు డైరీ

లక్షణాలు, తొలి అంచనా

ఎడమవైపు ఇండికేటరు స్విచ్చి నొక్కితే ముందు దీపం వెలిగి, ఆరకుండా అలాగే నిలిచిపోతోంది. వెనక దీపంలో ఫిలమెంటు ఎర్రబడడం తప్ప బయటికి వెలుగు రావడం లేదు. ఇంజను వేగం పెంచినప్పుడు మాత్రం రెండు దీపాలూ బద్ధకంగా కొన్నిసార్లు వెలిగి ఆరి, వేగం తగ్గగానే మళ్లీ స్థిరపడిపోతున్నాయి. కుడివైపు ఏ లోపమూ లేదు.

పని మొదలుపెట్టే ముందు బండి గురించి తెలిసిన సంగతులు రాసి పెట్టుకున్నాను. ఇది 12 వోల్టుల బండి. బ్యాటరీ మైనస్ ఛాసిస్‌కు, అంటే బండి లోహపు చట్రానికి, కలిపి ఉంది. ఇండికేటరు బల్బులు నాలుగూ 21 వాట్ల ఒంటి ఫిలమెంటు రకానివి. దీపాలను వెలిగించి ఆర్పే ఫ్లాషరు రెండు కాళ్ల పాత రకం, లోపల రెండు లోహాలను అతికించిన పట్టీ ఉన్నది. స్పీడోమీటరులో కుడి ఎడమలు రెండింటికీ కలిపి ఒకే సూచిక బల్బు ఉంది. కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజు, తాళం స్విచ్చి, ఫ్లాషరు మీదుగా హ్యాండిల్ స్విచ్చికి వచ్చి అక్కడ రెండు దారులుగా చీలుతుంది. చీలే చోటు దాకా రెండు వైపులకూ దారి ఒకటే కాబట్టి, కుడివైపు సరిగ్గా పనిచేస్తున్నంత కాలం బ్యాటరీనీ ఫ్యూజునూ ఫ్లాషరునూ అనుమానించవలసిన అవసరం లేదు. ఇండికేటరు మొరాయించగానే ఫ్లాషరు మార్చేయడం చాలామందికి అలవాటు; ఈ బండి విషయంలో అది డబ్బు దండగ తప్ప మరేమీ కాదు. లోపం స్విచ్చిలోని ఎడమ స్పర్శ (లోహాలు ఒకదానికొకటి తాకే చోటు) మొదలుకొని వెనక దీపం ఎర్త్ (కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగి చేరే దారి) దాకా ఎక్కడో ఉండాలి.

పాత ఫ్లాషరు పనిచేసే తీరును ఇక్కడే రాయడం మంచిది, ఎందుకంటే లక్షణాలను చదవడం దాని మీదే ఆధారపడి ఉంది. బల్బులకు వెళ్లే కరెంటే ఫ్లాషరులోని పట్టీని వేడి చేస్తుంది. వేడెక్కిన పట్టీ వంగి దారిని తెంచుతుంది, చల్లబడగానే మళ్లీ కలుపుతుంది. కరెంటు తగ్గితే పట్టీ చాలినంత వేడెక్కదు, దీపం వెలిగి అలాగే ఉండిపోతుంది. ఎలక్ట్రానిక్ ఫ్లాషరులో ఇందుకు సరిగ్గా తలకిందులు: ఒక బల్బు పోతే అది రెట్టింపు వేగంతో కొట్టుకుని హెచ్చరించేలా తయారు చేస్తారు. అందువల్ల బండిలో ఏ రకం ఫ్లాషరు ఉందో తెలియకుండా, వేగంగా కొట్టుకుంటోందనో నెమ్మదించిందనో చెబితే ఎవరూ సరైన సలహా ఇవ్వలేరు. నా బండిలో ఎడమవైపు వెళ్లవలసినంత కరెంటు వెళ్లడం లేదన్నమాట. రెండు బల్బులకూ కలిపి 42 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర 3.5 ఆంపియర్లు పారాలి.

బల్బులు, హోల్డర్లు

దీపాల అద్దాలు విప్పాను. నాలుగు బల్బుల మీదా 12 వోల్టులు, 21 వాట్లు అనే రాసి ఉంది. పాత బండ్లలో ఎవరో ఒకరు చేతికందిన 10 వాట్ల బల్బు పెట్టి పోవడం మామూలే కనుక ఇది చూడకుండా ముందుకు వెళ్లకూడదు. ఎడమ వెనక బల్బును కుడి వెనక బల్బుతో మార్చి చూస్తే లోపం బల్బుతో పాటు కుడివైపుకు పోలేదు, ఎడమవైపే ఉండిపోయింది. బల్బుల విచారణ అంతటితో ముగిసింది.

ఫిలమెంటును ఓం మీటరుతో కొలిచి నిర్ణయానికి రావాలనుకునేవారికి ఒక మాట. 21 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు దాని నిరోధం లెక్క ప్రకారం దాదాపు 7 ఓంలు. చల్లగా ఉన్నప్పుడు మీటరు పెడితే 1 ఓం కన్నా తక్కువే చూపుతుంది. ఫిలమెంటులోని టంగ్‌స్టన్ వేడెక్కే కొద్దీ నిరోధం అంతగా పెరుగుతుంది. బల్బు షార్టయిందని భ్రమపడి పారేయనక్కర లేదు.

ఎడమ వెనక హోల్డరు అడుగున ఉండే ఇత్తడి స్పర్శ మీద పచ్చటి చిలుము పట్టింది, దానిని పైకి నెట్టే స్ప్రింగు కూడా కొంచెం మెత్తబడింది. చిలుమును సన్నని ఎమెరీ కాగితంతో తీసి, స్ప్రింగును మెల్లగా సాగదీశాను. దీపం వెలుగులో తేడా ఏమీ కనబడలేదు.

మీటరు బీప్ అన్నా నమ్మరాదు

లోపం హోల్డరులో లేకపోతే ఎర్త్‌లో ఉండాలి. మల్టీమీటరును కంటిన్యుటీలో (దారి తెగకుండా ఉంటే బీప్ అనే పరీక్షలో) పెట్టి, ఒక కొన బ్యాటరీ మైనస్‌కూ మరొక కొన ఎడమ వెనక దీపం లోహపు ఒంటికీ తాకించాను. మీటరు బీప్ అంది. ఈ బీప్ దగ్గరే చాలామంది ఎర్త్ బాగుందని రాసుకుని వేరే చోట వెతకడం మొదలుపెడతారు. నిజానికి చాలా మీటర్లు కొన్ని పదుల ఓంల లోపు ఎంత నిరోధం ఉన్నా బీప్ అంటాయి. పైగా ఆ పరీక్షలో మీటరు పంపే కరెంటు మిల్లీ ఆంపియర్లలోనే ఉంటుంది. రెండు బల్బులకూ కలిపి మూడున్నర ఓంల నిరోధం మాత్రమే ఉన్న సర్క్యూట్‌లో అదనంగా చేరిన మూడు నాలుగు ఓంలు సర్వనాశనం చేస్తాయి, మీటరు మాత్రం అన్నీ సవ్యంగానే ఉన్నాయంటుంది. దీపం వెలుగుతున్నప్పుడు, అంటే అసలు కరెంటు పారుతున్నప్పుడు, ఎక్కడ ఎన్ని వోల్టులు పోతున్నాయో కొలిస్తేనే నిజం బయటపడుతుంది.

ఫ్లాషరు వెలిగించి ఆర్పుతూ ఉంటే మీటరులో అంకెలు నిలవవు. అందుకని ఫ్లాషరును దాని గూటిలోంచి ఊడదీసి, ఆ రెండు కాళ్లు దిగే చోట 10 ఆంపియర్ల ఫ్యూజు ఉన్న చిన్న వైరును కలిపాను. కాళ్ల గుర్తులు బండిని బట్టి మారతాయి: కొన్నింటి మీద బ్యాటరీ వైపు బి, బల్బుల వైపు ఎల్ అని ఉంటుంది; జర్మన్ పద్ధతిలో 49, 49ఎ అని ఉంటుంది. మూడో కాలు ఉంటే అది ఎర్త్‌దో సూచిక బల్బుదో కావచ్చు, దానిని ఈ వైరుతో కలపకూడదు. ఇలా కలిపినప్పుడు దీపాలు ఆరకుండా వెలుగుతాయి కాబట్టి తీరికగా కొలవవచ్చు. ఫ్లాషరు చచ్చిపోయిందా అన్న ప్రశ్నకూ ఇదే జవాబిస్తుంది: ఈ వైరుతో రెండు వైపులా దీపాలు నిండుగా వెలిగితే తప్పు ఫ్లాషరుదే.

మీటరు నల్ల కొనను బ్యాటరీ మైనస్ దగ్గర కదలకుండా బిగించి, ఎర్ర కొనతో దారి పొడవునా కొలుస్తూ వెళ్లాను. ఇంజను ఆపి, తాళం తిప్పి, ఎడమ స్విచ్చి వేసి ఉన్నప్పుడు వచ్చిన అంకెలు ఇవి. బ్యాటరీ దగ్గర 12.4. ఫ్లాషరు గూటి దగ్గర 12.1; ఫ్యూజు, తాళం స్విచ్చి కలిసి 0.3 వోల్టులు తింటున్నాయి, ఈ వయసు బండికి అది భరించదగినదే. హ్యాండిల్ స్విచ్చిలోకి వచ్చే చోట 12.0, ఎడమవైపు బయటికి వెళ్లే చోట 11.3. అదే స్విచ్చిని కుడివైపు నెడితే బయటికి 11.9 వస్తోంది. ఎడమ వెనక హోల్డరు అడుగున 11.2. ఇక అదే దీపం లోహపు ఒంటి మీద 5.0 వోల్టులు.

చివరి అంకె దగ్గర ఆగాలి. ఎర్త్ బాగుంటే దీపం ఒంటికీ బ్యాటరీ మైనస్‌కూ మధ్య 0.1 వోల్టుకు మించి కనబడకూడదు. ఇక్కడ 5 వోల్టులు కనబడుతున్నాయంటే, 11.2లో ఆ మేరకు బల్బు బయటే కరిగిపోతోంది; బల్బుకు మిగిలినవి 6.2 వోల్టులు. వోల్టేజి సగమైతే ఫిలమెంటు వెలుగు సగం కాదు, దాదాపు పదో వంతుకు పడిపోతుంది. ఎర్రటి ఫిలమెంటు రహస్యం అదే. ఆ బల్బులో పారుతున్న కరెంటు 1.2 ఆంపియర్లనుకుంటే ఎర్త్ దారిలో నాలుగు ఓంల పైన నిరోధం ఉన్నట్టు. మీటరు బీప్ అన్నది ఆ నాలుగు ఓంలను చూసే.

వెనక దీపం ఎర్త్

ఈ బండిలో వెనక ఇండికేటర్లకు విడిగా ఎర్త్ వైరు లేదు. దీపం కాడ, దాన్ని బిగించిన నట్టు, మడ్‌గార్డు బ్రాకెట్టు, ఆ బ్రాకెట్టును ఛాసిస్‌కు పట్టి ఉంచే బోల్టులు, ఇవన్నీ కలిసి ఎర్త్ దారి. ప్రతి అతుకులోనూ రంగో తుప్పో దూరడానికి చోటు ఉంది. కొన్ని బండ్లలో కాడ కింద రబ్బరు బుష్షు కూడా ఉంటుంది, అప్పుడు కాడ లోపలి ఎర్త్ వైరు ఊడిపోతే దీపానికి వేరే దారే ఉండదు. నట్టు విప్పి చూస్తే వాషరు కింద తుప్పు పొరలు పొరలుగా లేచి వచ్చింది. కుడివైపు వాషరు కింద మాత్రం ఎవరో ఎప్పుడో రంగు గీకి శుభ్రం చేసిన ఆనవాళ్లు ఉన్నాయి. అటువైపు దీపం బాగా వెలగడానికి కారణం ఆ గీకుడే కావచ్చు.

తుప్పు గీకి మళ్లీ బిగిస్తే ఈ పూటకు పని జరుగుతుంది గాని, నీరు తగిలే చోట ఆ మరమ్మతు నిలవదు. కాడ లోపలి నుంచి 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరు ఒకటి తీసుకువెళ్లి, బ్యాటరీ మైనస్ ఛాసిస్‌కు కలిసే బోల్టు దగ్గరే రింగు టెర్మినల్‌తో బిగించాను. అంత మందం రాగి వైరు మీటరుకు 0.023 ఓంల నిరోధం చూపుతుంది. రెండు మీటర్లు పరిచినా ఒక బల్బు కరెంటుకు 0.1 వోల్టు కూడా పోదు. వైరు పొడవును నిందించేవారు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. వోల్టులు పోయేది పొడవులో కాదు, అతుకుల్లో. పనిలో పనిగా కుడివైపుకు కూడా అలాంటి వైరే వేశాను. తర్వాత కొలిస్తే దీపం ఒంటి మీద 0.06 వోల్టులు మాత్రమే కనబడ్డాయి.

ఎర్త్ లోపాల్లో ఇంతకన్నా విచిత్రమైన రకం ఒకటుంది, నా బండిలో లేదు గాని చెప్పుకోదగినది. వెనక దీపాలన్నిటికీ ఒకే ఎర్త్ వైరు ఉండి అది ఊడిపోతే, బ్రేకు నొక్కినప్పుడు కరెంటు తిరిగి రావడానికి ఇండికేటరు బల్బుల గుండా దారి వెతుక్కుంటుంది. బ్రేకు నొక్కగానే ఇండికేటర్లు మసకగా వెలిగితే స్విచ్చి విప్పే పని పెట్టుకోకుండా ముందు ఎర్త్ చూడాలి.

హ్యాండిల్ స్విచ్చి

ఎర్త్ సరిచేశాక మళ్లీ కొలిస్తే, స్విచ్చిలో పోతున్న వోల్టులు 0.7 నుంచి 0.8కి పెరిగాయి. మరమ్మతు తర్వాత ఒక అంకె చెడిపోయినట్టు కనబడడం కంగారు పెట్టవచ్చు గాని, అందులో వింతేమీ లేదు. దారి బాగుపడి కరెంటు పెరిగింది. పెరిగిన కరెంటు స్విచ్చిలోని పాత నిరోధం గుండా వెళుతూ ఎక్కువ వోల్టులు పోగొడుతోంది. ఒక సర్క్యూట్‌లో రెండు లోపాలు ఉన్నప్పుడు పెద్దది చిన్నదాన్ని కప్పిపుచ్చుతుంది.

స్విచ్చి రెండు సగాలుగా విడిపోతుంది, లోపల చిన్న స్ప్రింగూ ఉక్కు గుండూ ఉంటాయి. పెద్ద ప్లాస్టిక్ సంచిలో చేతులు పెట్టి విప్పడం తెలివైన పని, ఎగిరిన గుండు సంచిలోనే దొరుకుతుంది. ఏళ్ల కిందటి గ్రీజు నల్లగా గట్టిపడి ఎడమ స్పర్శ మీద పేరుకుంది. దాన్ని కాంటాక్ట్ క్లీనరుతో నానబెట్టి తుడిచి, ఇత్తడిని పెన్సిలు రబ్బరుతో మెరిసేదాకా రుద్ది, సన్నని పొరగా కొత్త గ్రీజు రాశాను. గరుకు ఎమెరీ కాగితం ఇక్కడ వాడకూడదు. గీతలు పడిన ఇత్తడి మీద మురికి త్వరగా పట్టుకుంటుంది. బిగించి కొలిస్తే 0.1 వోల్టు.

వైరుముక్క తీసి ఫ్లాషరు పెట్టగానే ఎడమ దీపాలు కుడివాటితో సమానంగా కొట్టుకున్నాయి. ఇంజను నడుస్తుండగా గడియారం పెట్టి లెక్కిస్తే నిమిషానికి ఎడమవైపు 82, కుడివైపు 84 వచ్చాయి. అంతర్జాతీయ నిబంధనలు నిమిషానికి 60 నుంచి 120 దాకా అనుమతిస్తాయి.

హ్యాండిల్ కుడికి తిప్పితే

బండిని వెనక్కి నెడుతూ హ్యాండిల్‌ను కుడివైపు చివరిదాకా తిప్పినప్పుడు ఎడమ వెనక దీపం పూర్తిగా ఆరిపోయింది, ముందుది వెలిగి నిలిచిపోయింది. హ్యాండిల్ మధ్యకు రాగానే రెండూ మామూలే. ముందు దీపం వెలుగుతోంది కాబట్టి స్విచ్చి దాకా అంతా క్షేమం. హెడ్‌లైట్ డూమ్‌లో (హెడ్‌లైటు వెనక గిన్నెలాంటి పెట్టెలో) ముందు దీపం వైరు, వెనక్కి వెళ్లే వైరు విడిపోతాయి. అక్కడి నుంచి వెనక్కి వెళ్లే వైరు హ్యాండిల్ మెడను ఆనుకుని ట్యాంకు కిందికి దిగుతుంది. హ్యాండిల్ తిరిగిన ప్రతిసారీ మడతపడేది ఆ మెడ దగ్గరే.

మళ్లీ ఫ్లాషరు స్థానంలో వైరుముక్క పెట్టి, సీటు కింద వెనక కనెక్టరులో మీటరు కొనను గుచ్చి, హ్యాండిల్‌ను కుడికి తిప్పి పట్టుకుని వైరింగు కట్టను వేళ్లతో కొంచెం కొంచెంగా నొక్కుతూ వచ్చాను. మెడ దాటిన చోట నొక్కినప్పుడు అంకె సున్నా నుంచి 11.8కి ఎగిరింది. బ్యాటరీ మైనస్ విప్పి, కట్ట మీది టేపు కోసి, ఎడమ ఇండికేటరు వైరును బయటికి తీశాను.

వైర్ల రంగులు గుర్తుపట్టడానికి బండి మాన్యువల్ దగ్గర ఉండాలి, ఎందుకంటే అందరూ ఒకే పద్ధతి పాటించరు. హోండాలో ఎడమకు నారింజ, కుడికి లేత నీలం. యమహాలో ఎడమకు ముదురు గోధుమ, కుడికి ముదురు ఆకుపచ్చ. పాత బండిలో రంగులు వెలిసిపోయి నారింజ రంగు గోధుమలా కనబడుతుంది, మధ్యలో ఎవరైనా అతికించిన ముక్క ఏ రంగుదైనా కావచ్చు. రంగును ఊహించడానికి మాత్రమే వాడుకుని, మీటరుతో రుజువు చేసుకోవడం మేలు.

పై తొడుగు చెక్కుచెదరలేదు. ఇలాంటి వైరును కనిపెట్టడానికి కంటికన్నా వేళ్లే నమ్మకమైనవి: రెండు వైపులా పట్టి మెల్లగా లాగితే, లోపల పోగులు తెగిన చోట తొడుగు మాత్రమే ఎలాస్టిక్‌లా సాగుతుంది. సాగిన చోట కోసి చూస్తే రాగి పోగులు తెగి, కొనలు పచ్చటి పొడిగా మారాయి. హ్యాండిల్ నేరుగా ఉన్నప్పుడు తెగిన కొనలు ఒకదానికొకటి తాకుతున్నాయి, కుడికి తిరిగితే విడిపోతున్నాయి.

రెండు వైపులా మెరిసే రాగి కనబడేదాకా వైరును వెనక్కి కోయవలసి వచ్చింది, నల్లబడిన పోగులకు టంకమూ పట్టదు, క్రింపు (లోహపు గొట్టంలో పెట్టి నొక్కి బిగించే అతుకు) పట్టూ నిలవదు. అదే మందం కొత్త వైరు ముక్కను చేర్చి, రెండు అతుకులనూ క్రింపు చేసి, వాటి మీద వేడికి ముడుచుకునే గొట్టం తొడిగాను. అతుకులను మడతపడే చోటుకు దూరంగా, ఒకటి డూమ్ లోపల, ఒకటి ట్యాంకు కింద వచ్చేలా చూసుకున్నాను. మెడ దగ్గర అతుకు లేని వైరు మాత్రమే వంగుతుంది. టంకం వేస్తే గట్టిగా ఉంటుందన్న వాదన ఉంది గాని, కరిగిన టంకం పోగుల మధ్య పాకి వైరును బిర్రుగా చేస్తుంది, బిర్రుగా ఉన్న భాగం ముగిసే చోట అదురుకు వైరు మళ్లీ తెగుతుంది. అదురు లేని రేడియో పెట్టెలో టంకానికి తిరుగు లేదు, బండి హ్యాండిల్ మెడ దగ్గర మాత్రం నా ఓటు క్రింపుకే. కట్టను మళ్లీ చుట్టేటప్పుడు హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిరిగినా లాగబడకుండా కొంచెం వదులు వదిలాను.

ఎల్‌ఈడీ ఆలోచన

ఇంత విప్పాక ఎల్‌ఈడీ బల్బులు వేయవచ్చు కదా అనిపించడం సహజం. ఈ బండికి వాటిని వద్దనుకోవడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, రెండు మూడు వాట్ల ఎల్‌ఈడీ తీసుకునే కరెంటుకు పాత ఫ్లాషరు పట్టీ వేడెక్కదు. ఎలక్ట్రానిక్ ఫ్లాషరు పెట్టాలి, లేదా దీపాలకు సమాంతరంగా నిరోధకాలు కలిపి మిగిలించిన కరెంటునంతా వేడిగా తగలెయ్యాలి. రెండోది అంత తేలిగ్గా కనబడదు. ఒకే సూచిక బల్బు ఉన్న బండ్లలో అది ఎడమ వైరుకూ కుడి వైరుకూ మధ్య కలిపి ఉంటుంది. ఎడమ దీపాలు వెలిగినప్పుడు సూచిక బల్బు కరెంటు కుడి బల్బుల గుండా ఎర్త్‌కు చేరుతుంది. 21 వాట్ల ఫిలమెంటుకు ఆ కొద్ది కరెంటు చాలదు కనుక కుడివైపు వెలగదు. ఎల్‌ఈడీకి అది చాలు, అప్పుడు ఏ వైపు స్విచ్చి వేసినా నాలుగు దీపాలూ కొట్టుకుంటాయి. కరెంటును ఒక వైపుకే పోనిచ్చే రెండు డయోడ్లతో సూచిక బల్బును విడదీసి, దానికి సొంత ఎర్త్ ఇస్తే ఈ తంటా తప్పుతుంది గాని, సరిగ్గా పనిచేస్తున్న వైరింగును దానికోసం కోయాలని నాకు లేదు.

బండి కడిగాక

బండిని నీళ్లతో కడిగి, తడి ఆరకముందే మళ్లీ కొలిచాను. బ్యాటరీ దగ్గర 12.4 ఉండగా ఎడమ వెనక బల్బు కొనల మధ్య 11.7, కుడి వెనక బల్బు కొనల మధ్య 11.7. హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పినా అంకె కదలలేదు. ఐడ్లింగులో కొట్టుకునే వేగం కాస్త తగ్గుతోంది, నిమిషానికి 70 దగ్గర ఉంటోంది. ఛార్జింగు వోల్టేజి మీద ఆధారపడే పాత ఫ్లాషరుకు అది సహజం. ఫ్యూజు, తాళం స్విచ్చి తింటున్న 0.3 వోల్టులను ప్రస్తుతానికి ముట్టుకోలేదు. ఫ్యూజు పట్టీలు విప్పి శుభ్రం చేస్తే అది తగ్గుతుందేమో తర్వాత చూడాలి, హెడ్‌లైటుకు వెళ్లే కరెంటు కూడా అదే దారిలో వస్తుంది.